చెరువు వెనక నేల బీడు కాదు

చెరువు మరవ పోతోందని తెలిస్తే చాలు, ఊరంతా కట్టమీదికి చేరుతుంది. గంగమ్మకు పసుపు కుంకుమలు వేస్తారు, టెంకాయ కొడతారు. తూము దగ్గర నీళ్ళు ఎంత లోతున్నాయి, ఈ ఏడు వరి నాటవచ్చునా, చివరి మడికి అందుతాయా అని పెద్దలు లెక్కలు వేసుకుంటారు. అంతవరకు బాగానే ఉన్నది. కాని కట్టకు ఎదురుగా, వంక వచ్చి చెరువులో కలిసేచోట, మోకాటిలోతు నీళ్ళు, బురద, తుంగ, జమ్ము కలగలిసి ఉండే ఆ వెనక భాగం వైపు నడిచి చూసేవారు అరుదు. గొర్రెల కాపరులు, బర్రెలు తోలుకుపోయే పిల్లలు, ఆకుకూరకు వెళ్ళే ఆడవారు తప్ప మిగతావారికి అది ఉత్త బీడు. రెవిన్యూ లెక్కల్లో పోరంబోకు. కొందరి కంటికి మాత్రం ఎవరూ అడగని ఖాళీ జాగా.

కర్నూలు, కడప ప్రాంతాలలో చలికాలంలో కన్నులపండువుగా ఉండే చోటు ఏదంటే ఆ బురదనేలే అని చెప్పక తప్పదు. ఏడాదిలో ఎనిమిది తొమ్మిది నెలలు ఎండే రాజ్యమేలే ఈ సీమలో ప్రకృతి అందాలు చూడాలంటే నల్లమలకో, అహోబిలానికో, గండికోటకో పోవాలనుకోవడం మనకు అలవాటైంది. ఊరి చెరువు వెనక ఉన్నదాన్ని మాత్రం చూడం. చూడం గనుక దాని విలువ తెలియదు. తెలియదు గనుక అది పోతున్నా అడగం.

చలికాలపు ఉదయం

ఈ నేలకు ఒక కాలం ఉన్నది. నైరుతి వానలు, ఆ తరువాత తుపాను వానలు పడి చెరువులోకి నీరు చేరుతుంది. మార్గశిరం వచ్చేసరికి నీరు తేటపడుతుంది. సంక్రాంతి నాటికి అంచులు కొంచెం వెనక్కి తగ్గి, మెత్తని బురద బయటపడుతుంది. శివరాత్రి దాటితే ఎండలు ముదిరి అంతా బీటలు వారుతుంది. మధ్యలో ఉన్న ఆ రెండు మూడు నెలలే దాని వైభవం.

పొద్దు పొడిచే వేళకు అక్కడికి చేరినవారికి మొదట కనిపించేది మంచు. నీటిమీద పొగలాగా పరుచుకొని ఉంటుంది. తుంగ పొదలమీద సాలెగూళ్ళు మంచుబొట్లతో మెరుస్తుంటాయి. ఎండ తగిలేకొద్దీ మంచు విడిపోయి ఒక్కొక్కటిగా అన్నీ బయటపడతాయి. ఒంటికాలిమీద కదలకుండా నిలబడ్డ నారాయణ పక్షి. నీటిలో మునిగి ఇంకెక్కడో తేలే బుడబుంగ. నుదుట తెల్లబొట్టు పెట్టుకొని గుంపుగా ఈదే బొల్లికోళ్ళు. ఎర్రముక్కు, నీలిరంగు ఒళ్ళు గల కోడి ఒకటి జమ్ములోంచి తొంగిచూసి మళ్ళీ దాక్కుంటుంది. లకుముకి పిట్ట ఎండుకొమ్మ మీదినుంచి రాయిలాగా నీళ్ళలో పడి చేపతో లేస్తుంది. మనిషి అలికిడి వినగానే తీతువు పిట్ట లేచి అరుస్తుంది. దానితో అన్నిటికీ కబురందుతుంది.

కిందికి చూసినా వింతే. బురద అంటే రాత్రి జరిగినదంతా రాసిపెట్టిన పుస్తకం. నక్క వచ్చి నీళ్ళు తాగి పోయిన జాడ, ముంగిస పరుగు, కొంగ వేళ్ళ ముద్ర, నీరుకట్టె పాము జరిగిన గీత, అన్నీ అందులో కనబడతాయి. ఊళ్ళో పశువుల కాపరికి ఈ చదువు బాగా వచ్చు. బడికి పోయే పిల్లవాడికి రాదు. ఇది విచారించవలసిన విషయం.

దూరదేశపు చుట్టాలు

ఈ పక్షుల్లో అన్నీ మన ఊరివి కావు. తోక ఆడిస్తూ బురదమీద పరుగెత్తే జిట్టంగి పిట్టలలో చాలా జాతులు హిమాలయాలలోనూ, వాటికి ఆవల ఉన్న చలిదేశాలలోనూ పుట్టినవి. సూదితోక బాతులు, బాపన బాతులు కూడా అటువంటివే. అక్కడ చలికాలం వచ్చి కుంటలు గడ్డకట్టుకుపోతే వాటికి తిండి దొరకదు. అందుకే ఇటు వస్తాయి. మనకు వానలు వెలిసి చెరువులు నిండి ఉండే కాలమూ, వాటికి నీళ్ళు కావలసిన కాలమూ ఒకటే కావడం ప్రకృతి చేసిన ఏర్పాటు.

తలమీద రెండు నల్లని పట్టీలు గల బూడిదరంగు పెద్ద బాతు ఒకటి దక్కను చెరువులకు చలికాలంలో వస్తుంది. మంగోలియా, టిబెట్టు మిట్టప్రాంతాలలోని సరస్సుల దగ్గర గూళ్ళు పెట్టే పక్షి అది. వాటికి చిన్న పరికరాలు కట్టి చూస్తే, హిమాలయాలు దాటేటప్పుడు కొన్ని 7,000 మీటర్లకు పైన ఎగిరినట్టు తేలింది. మనిషికి ఊపిరాడని ఎత్తు అది. అంత దూరం వచ్చిన పక్షి దిగేది ఎక్కడ? కట్టమీద కాదు, లోతు నీటి నడుమ కాదు. పల్లపు నీళ్ళు, మెత్తని గడ్డి ఉన్న చెరువు వెనక నేలమీదనే.

ప్రస్తుతం నంద్యాల జిల్లాలో ఉన్న రోళ్ళపాడు గడ్డిబీళ్ళు, దాని దాపున ఉన్న అలగనూరు జలాశయం ఇందుకు పేరు పొందినవి. ఉత్తరదేశాల నుంచి వచ్చే ఒక జాతి గద్దలు చలికాలంలో రోళ్ళపాడు గడ్డిలో గుంపులుగా రాత్రి మకాం చేస్తాయి. పగలంతా పొలాల మీద తిరిగి అవి ఏరుకు తినే వాటిలో మిడతలు ముఖ్యం. ఆ మిడతలే రైతు పంటను కొరికేవి. కూలి అడగని ఈ కాపలాదార్లకు మనం చేస్తున్న మర్యాద ఏపాటిదో ఎవరికి వారు ఆలోచించుకోవాలి.

పెద్దలు రాసిపెట్టిన మాట

చెరువంటే కట్ట ఒక్కటే కాదని ఈ సీమలో ఆరువందల ఏళ్ళకు పూర్వమే రాతిమీద చెక్కించారు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడని మరో పేరు, ఉదయగిరి సీమను ఏలుతూ ఆ చెరువు కట్టించాడు. రోజూ 1,000 మంది కూలీలు, రాళ్ళు తోలడానికి 100 బండ్లు పెట్టి రెండేళ్ళలో పూర్తి చేయించినట్టు శాసనం చెబుతున్నది. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. మంచి చెరువుకు 12 అంగాలుండాలని, 6 దోషాలుండకూడదని అందులో వివరంగా చెప్పారు. విశాలంగా, లోతుగా ఉన్న అడుగుభాగం ఆ 12 అంగాలలో ఒకటి. చెరువు నడుమ మిట్ట ఉండటం, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం దోషాలలోనివి.

ఈ కొలత పెట్టి నేటి చెరువులను చూస్తే ఏమంటారు? వెనక నేలను ఆక్రమించి గట్లు వేస్తే విశాలత పోయింది. పూడిక తీయక మేటలు వేస్తే లోతు పోయింది. నడుమ సర్కారు తుమ్మ మొలిచి మట్టిని పట్టుకుంటే మిట్ట వచ్చింది. కట్ట నిటారుగా నిలబడి ఉన్నా చెరువు మాత్రం కుంటిదైంది.

పనికిరాని నేలేనా?

బురదవల్ల ఉపయోగమేమిటని అడిగేవారున్నారు. వంకలో కొట్టుకువచ్చిన ఒండ్రును తుంగ, జమ్ము కొంతవరకు అక్కడే పట్టి ఆపుతాయి. అవి లేకపోతే ఆ మట్టి నేరుగా తూము దాకా పోయి చేరుతుంది. నీరు నిలిచినంత కాలం కొంత భూమిలోకి ఇంకి, చుట్టుపక్కల బావులకు, బోర్లకు ఊట ఇస్తుంది. తుంగతో చాపలు అల్లుతారు. పొన్నగంటి కూర, గుంటగలగర ఆ తడిలోనే పెరుగుతాయి. తుంగముస్తెలు నాటువైద్యానికి పనికివస్తాయి. నీరు తగ్గాక మొలిచే పచ్చిక, మిగతా బీళ్ళన్నీ ఎండిన రోజుల్లో మందలను నిలబెడుతుంది. వాన 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే పడే ఈ నేలలో ఇది చిన్న సహాయం కాదు.

ఎదుటివారి మాట కూడా వినవలసిందే. సెంటు భూమి లేని పేదవాడు నీరు తగ్గిన తడినేలలో దోస, పెసర వేసుకొని నాలుగు రాళ్ళు సంపాదిస్తే తప్పా అని అడుగుతారు. తప్పు అనడం న్యాయం కాదు. నీటి వెంట వచ్చి నీటికి దారి ఇచ్చే పంట అది. దానివల్ల చెరువు చెడదు. చెడేది శాశ్వతంగా గట్టు వేసి, బోరు దింపి, పట్టా కోసం తిరిగేవారివల్ల. నీరు వస్తే తమ పొలం మునుగుతుందని మరవను తెగగొట్టేవారివల్ల. ఈ రెండు రకాలవారిని ఒకే గాటన కట్టరాదు. అలాగే నీలికోళ్ళు వరిమళ్ళలో పడి పైరు తొక్కుతాయన్న ఫిర్యాదూ అబద్ధం కాదు. వాటిని తోలడానికి డప్పు చాలును. గుళికల మందు కలిపిన గింజలు చల్లడం మాత్రం ఘోరం. ఆ మందు తిన్న బాతును కూర వండుకున్నవాడి ప్రాణానికీ అది ముప్పే. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఈ పక్షులను చంపడం నేరం.

చట్టాలు ఉన్నవి, సందులూ ఉన్నవి

చిత్తడి నేలలను కాపాడాలని ఇరానులోని రాంసర్ పట్టణంలో 1971 ఫిబ్రవరి 2న దేశాలు ఒప్పందానికి వచ్చాయి. మన కొల్లేరు 2002లో ఆ జాబితాకెక్కింది. చెరువులు ప్రకృతి ఇచ్చిన సంపద అని, చెరువు భూమిని ఇళ్ళ స్థలాలకు ఇవ్వడం చెల్లదని ఉత్తరప్రదేశ్ కేసు ఒకదానిలో 2001లో సుప్రీంకోర్టు తేల్చింది. రాష్ట్రంలో 2002 నుంచి నీరు, భూమి, చెట్ల చట్టం ఉన్నది.

అయితే 2017లో కేంద్రం తెచ్చిన చిత్తడి నేలల నిబంధనలలో ఒక పెద్ద సందు ఉన్నది. సాగునీటికోసం, తాగునీటికోసం మనుషులు కట్టిన చెరువులు వాటి పరిధిలోకి రావు. రాయలసీమలో నీరు నిలిచే చోట్లన్నీ దాదాపు మనుషులు కట్టినవే. అంటే పక్షి దిగేచోటు చిత్తడి నేల అవునో కాదో పక్షికి తెలిసినా కాగితానికి తెలియదు. అందువల్ల ఈ నేలకు కాపలా ఉండవలసింది ముందుగా ఊరే.

పోయాక తెలిసే విలువ

పోగొట్టుకున్న పాఠం ఇక్కడే ఉన్నది. బట్టమేక పిట్ట కోసం 1988లో రోళ్ళపాడును అభయారణ్యంగా ప్రకటించారు. కాలువనీరు వచ్చి చుట్టుపక్కల సాగు తీరు మారింది, గడ్డిబీళ్ళు తగ్గాయి, మరికొన్ని కారణాలూ తోడయ్యాయి. ఇటీవలి ఏళ్ళలో ఆ పక్షి అక్కడ కానరావడమే లేదు. కడప జిల్లా లంకమల దాపున ఉండే కలివికోడి కథ వేరు. 1900 తరువాత కనిపించక, అంతరించిందని లోకం అనుకున్న ఆ పక్షి 1986 జనవరిలో మళ్ళీ దొరికింది. చూపించినది ఎవరు? పొదల్లో పక్షులు పట్టే స్థానికుడు. శాస్త్రవేత్తలు వెతుకుతున్నదేమిటో ఊరివాడికి తెలిసే ఉన్నది. తరువాత దానికోసం తెలుగుగంగ కాలువ దారినే మళ్ళించవలసి వచ్చింది. ఆ రెండూ మెట్టపక్షులు, బురదనేలవి కావు. అయినా అవి చెప్పే నీతి ఒకటే. ఉన్నప్పుడు పట్టించుకోనిదాన్ని పోయాక వెతకడానికి ఎంతో ఖర్చవుతుంది.

మంచి పాఠం కూడా దూరాన లేదు. హిందూపురం దాపున చిలమత్తూరు మండలం వీరాపురంలో ఎర్రకాళ్ళ కొంగలు ఊరి చెట్లమీదే గూళ్ళు పెడతాయి. ఊరివారు వాటిని తమ ఇంటి పక్షులుగా కాపాడుకుంటూ వస్తున్నారు. పోలీసుల భయంతో కాదు, వాటి రాక ఊరికి మంచిదన్న నమ్మకంతో.

కాబట్టి చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు ఎక్కడిదాకా వస్తుందో సర్వే చేయించి హద్దురాళ్ళు పాతించాలి. నీటి సంఘాలవారు తూము, కట్టతోపాటు వెనక నేలనూ తమ లెక్కలో చేర్చుకోవాలి. ఇటుకల బట్టీలకు అడ్డదిడ్డంగా మట్టి తవ్వడం ఆపించాలి. సర్కారు తుమ్మను వేళ్ళతో సహా తీయించాలి. ఉపాధ్యాయులు ఫిబ్రవరి 2న, వీలుకాకపోతే ఏదో ఒక శీతాకాలపు ఉదయాన, పిల్లలను అక్కడికి నడిపించుకుపోవాలి. వెళ్ళేవారు పెద్దవారిని తోడు తీసుకోవాలి. ఊబి ఉంటుంది గనుక చేతికర్రతో నేల తడిమి అడుగు వేయాలి. కుక్కలను తీసుకుపోరాదు. కేకలు వేయరాదు. దుర్భిణి లేకపోయినా నష్టం లేదు, ఓపిక ఉంటే చాలును.

సంక్రాంతికి పట్నాలనుంచి పిల్లలు ఊళ్ళకు వస్తారు. పండుగ మూడు రోజుల్లో ఒక్క ఉదయం వారిని కట్టదాటించి చెరువు వెనక్కి తీసుకుపోయే పెద్దలు ఊరికి నలుగురున్నా చాలు. తమ తాతతో కలిసి ఆ బురదలో నక్క జాడ చూసిన పిల్లవాడు, రేపు పెద్దవాడై ఆ నేలకు గట్టు వేయడానికి ఎవరైనా వస్తే ఊరుకోడు.