సిస్టరమ్మకు పైచదువు కావాలి: నంద్యాల జిల్లా ప్రజలకు విన్నపం

పాణ్యం నుంచో సుగాలిమెట్ట నుంచో నొప్పులతో వచ్చిన ఆడబిడ్డను కాన్పు గదిలో ముందుగా చేయి పట్టుకునేది నర్సు. బీపీ చూసేది, కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినేది, డాక్టరును ఏ నిమిషాన పిలవాలో తేల్చుకునేది ఆమే. అహోబిలం వైపు చెంచు గూడేల నుంచి ఆళ్లగడ్డ చేరే గర్భిణికైనా అంతే. ఇంత బాధ్యత మోసే మనిషి ఒకసారి ఉద్యోగంలో చేరాక మళ్లీ పుస్తకం పట్టడం గగనమవుతోంది. వార్డును నడిపే విద్య, కొత్తవారికి పని నేర్పే విద్య ఆమెకు పద్ధతిగా అందాలి. ఈ కరపత్రం అడుగుతున్నది ఆ చదువునే.

సర్కారు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు సీనియారిటీ మీద హెడ్ నర్సవుతుంది. ఆపైన నర్సింగ్ సూపరింటెండెంట్ గ్రేడ్-2, గ్రేడ్-1. నిన్నటిదాకా సెలైన్లు, ఇంజెక్షన్లు చూసుకున్న ఆమె చేతికి ఒక్క ఆర్డరుతో వార్డు తాళాలు వస్తాయి. ఆ రోజు నుంచి మూడు షిఫ్టుల డ్యూటీ చార్టు వేయాలి. నైట్ డ్యూటీ దిగినవారికి ఆఫ్ ఇవ్వాలి, ఉన్నట్టుండి ఒకరు సెలవు పెడితే ఆ ఖాళీ పూడ్చాలి. మందుల స్టోరుకు ఇండెంటు రాయాలి. ఆక్సిజన్ సిలిండర్ల లెక్క, దుప్పట్ల లెక్క, పసుపు సంచిలో పడాల్సిన ఆసుపత్రి చెత్త ఎర్ర సంచిలో పడకుండా చూడటం, రోగి బంధువుల కోపతాపాలు అన్నీ ఆమెకే. 2017 చివర్లో కేంద్రం మొదలుపెట్టిన ‘లక్ష్య’ కార్యక్రమం కింద కాన్పు గదికి నాణ్యతా గుర్తింపు రావాలంటే ప్రతి రికార్డూ సరిగా ఉండాలి. ఆ రాతకోతల భారమూ చాలావరకు నర్సులదే. ఇదంతా పాత హెడ్ నర్సును చూసి నేర్చుకోవాల్సిందే. మంచి సీనియర్ దొరికితే సరే, దొరక్కపోతే నష్టపోయేది రోగి.

నేర్పే పని ఇంకా సున్నితమైనది. కాన్పు గదిలో పార్టోగ్రాఫ్ అనే గీతల కాగితం ఉంటుంది. గర్భాశయ ముఖద్వారం నాలుగు సెంటీమీటర్లు తెరుచుకున్నాక అందులో గుర్తులు పెట్టడం మొదలుపెడతారు. గంటకు సెంటీమీటరు చొప్పున సాగాల్సిన గీత కుడివైపుకు జారిందంటే కాన్పు ఆలస్యమవుతోందని అర్థం. తరగతిలో బోర్డు మీద ఈ గీత గీయడం తేలికే. నొప్పులతో అరుస్తున్న తల్లి పక్కన నిలబడి, వణుకుతున్న విద్యార్థిని చేత సరైన గడిలో గుర్తు పెట్టించి, ఇప్పుడు ఏం చేయాలో ఆమె చేతే చెప్పించడానికి మంచి నర్సు అయితే చాలదు, మంచి టీచరు కూడా కావాలి. బోధనలో శిక్షణ లేకుండా, వార్డు అనుభవం ఏడాది దాటకుండానే ట్యూటర్లయిన అమ్మాయిల మీద ఈ భారం వేయడం వాళ్లకూ అన్యాయం, విద్యార్థులకూ అన్యాయం.

కొత్త కోర్సు కనిపెట్టాల్సిన పని లేదు. రెండేళ్ల ఎమ్మెస్సీ నర్సింగ్‌లో మొదటి ఏడాది నర్సింగ్ బోధన, రెండో ఏడాది నర్సింగ్ నిర్వహణ పాఠ్యాంశాలుగా ఉన్నాయి. మన దేశంలో ఎమ్మెస్సీ నర్సింగ్ 1959లోనే ఢిల్లీలో మొదలైంది. సరోజినీ వరదప్పన్ అధ్యక్షతన 1987లో వేసిన ఉన్నతస్థాయి కమిటీ నర్సుల చదువు, హోదా, నాయకత్వం గురించి వివరంగా సిఫార్సులు చేసింది. అయినా పాణ్యం లాంటి చోట పనిచేసే సిస్టరమ్మకు ఆ చదువు అందడం లేదు. సీటు దూరం, సెలవు కష్టం, జీతం ఆగితే ఇల్లు గడవదు.

పట్టుదల ఉంటే ఏమవుతుందో పక్క రాష్ట్రం చూపించింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం యూనిసెఫ్‌తో, హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌తో కలిసి 30 మంది స్టాఫ్ నర్సులను ఎంచుకుని కరీంనగర్‌లో పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ, అంటే సహజ కాన్పు చేయించే శిక్షణ ఇచ్చింది. మరుసటి ఏడాది డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. వాటిలో మెచ్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. మిడ్‌వైఫ్‌లను తయారుచేసే ముందు, వాళ్లకు పాఠం చెప్పే ఎడ్యుకేటర్లకు ఆరు నెలల శిక్షణ ఇవ్వాలన్నారు. గురువుతో మొదలుపెట్టడమే సరైన దారి.

ఇలాంటి శిక్షణ అవసరం మనకు ఎంతుందో అంకెలే చెబుతాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96 శాతానికి పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి, వాటితో పాటు కోత కాన్పులు 42.4 శాతానికి చేరాయి. దేశ సగటు 21.5 శాతం. తల్లి పక్కన ఓపిగ్గా కూర్చుని సహజ కాన్పు చేయించగల మిడ్‌వైఫ్, ఆమెకు అండగా నిలిచే వార్డు పెద్ద ఉంటే అనవసరపు కోతలు తగ్గుతాయి.

2023 సెప్టెంబరులో నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. డాక్టర్లు తయారయ్యే చోటే నర్సుల గురువులూ తయారుకావాలి. ఆ ఆవరణలోనే ఎమ్మెస్సీ నర్సింగ్ నడపాలి. అందులో కొన్ని సీట్లు ఉద్యోగంలో ఉన్న నర్సులకు కేటాయించి, పూర్తి జీతంతో సెలవు ఇవ్వాలి. హెడ్ నర్సు పదోన్నతికి ముందు మూడు నెలల నిర్వహణ శిక్షణ తప్పనిసరి చేసి, ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం సర్టిఫికెట్ ఇవ్వాలి. వార్డుల్లో బోధనకే ప్రత్యేకంగా క్లినికల్ టీచర్ పోస్టులు పెట్టాలి. ఆళ్లగడ్డలోనూ శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లను నియమించి, చుట్టుపక్కల ఏఎన్ఎంలు వాళ్ల దగ్గర పని నేర్చుకునే ఏర్పాటు చేయాలి.

“ఉన్న నర్సులే చాలడం లేదు, చదువుకు పంపితే వార్డు ఎవరు చూస్తారు?” అని అధికారులు అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. అందుకే చిన్న చిన్న బ్యాచ్‌లుగా పంపాలి, వెళ్లినవారి స్థానంలో తాత్కాలిక పోస్టులు మంజూరు చేయాలి. చదువుకున్నవారు విదేశాలకు వెళ్లిపోతారన్న భయానికి, కొన్నేళ్లు జిల్లాలోనే పనిచేస్తామన్న ఒప్పందం చాలు. చదువుకు తగ్గ పోస్టు, జీతం, గౌరవం ఇక్కడే ఉంటే చాలామంది ఇక్కడే ఉంటారు.

నర్సింగ్ విద్యకు కొత్త చట్టం 2023లోనే వచ్చింది. 1947 నాటి చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్‌ను, రాష్ట్ర కమిషన్లను ఏర్పాటు చేయాలని అది చెబుతోంది. నియమాలు మారే ఈ సమయంలోనే మన జిల్లా గట్టిగా అడగాలి. పాణ్యం, నంద్యాల, ఆళ్లగడ్డ ఓటర్లు ఎమ్మెల్యేలకు, ఎంపీకి ఈ డిమాండ్లతో అర్జీలు ఇవ్వండి. ఆసుపత్రి అభివృద్ధి కమిటీ సమావేశంలో ఈ అంశం పెట్టించండి. మీ ఇంటి ఆడబిడ్డకు కాన్పు చేసిన సిస్టరమ్మ చేత ఆ అర్జీ మీద మొదటి సంతకం పెట్టించండి.