చిన్న తరగతులకు వెబ్‌సైట్లు ఎవరు ఎంచాలి?



కంప్యూటరు గది తలుపు మీద అంటించిన చార్టు మీరందరూ చూసే ఉంటారు. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు పెద్ద టీవీ మీద, ట్యాబుల్లో ఏ వెబ్‌సైట్లు పెట్టాలో పేర్లు రాయమని హెచ్.ఎం. సారు చెప్పారు. వారం తిరిగేసరికి పదకొండు పేర్లు వచ్చాయి. రాసినవాళ్ళందరూ ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల అక్కలే. ఆ సైట్లు ఎవరికోసమో వాళ్ళను మాత్రం ఒక్కరూ అడగలేదు.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. పేరు చూసి, రంగులు చూసి ఎంచకూడదు. చిన్నపిల్లలను ముందు కూర్చోబెట్టి, వాళ్ళు ఏం చేస్తున్నారో చూసి ఎంచాలి. అలా చూస్తే ఆ పదకొండులో ఏడు పోతాయి. పేర్లు రాసిన అక్కలు కోపం తెచ్చుకోవద్దు, మొత్తం చదివాక తిట్టండి.

రెండు ఆదివారాలు టిఫిన్ అయ్యాక నేను, మా రూములో ఇద్దరు కలిసి మూడో తరగతి పిల్లలు ఏడుగురితో కంప్యూటరు గదిలో కూర్చున్నాం. సారు అనుమతి ఇచ్చారు. మేము ఏమీ నేర్పలేదు, చూశాం అంతే.

మొదట ఎక్కాల ఆట పెట్టాం. చార్టు మీద దానికే ఎక్కువ మంది టిక్కు పెట్టారు. పైన 6 × 4 అని ఉంటుంది, కింద నాలుగు బెలూన్లు ఎగురుతుంటాయి. సరైన జవాబు ఉన్న బెలూన్ నొక్కితే పగులుతుంది, నక్షత్రం వస్తుంది. పిల్లలు కేకలే కేకలు. అరగంటలో అందరికీ బోలెడు నక్షత్రాలు. కిటికీలోంచి చూసినవాళ్ళు అబ్బ ఎంత బాగా చదువుతున్నారో అనుకుంటారు. ఆట ఆపి పలక మీద 6 × 4 రాసి అడిగితే ఏడుగురిలో ఒక్కతే చెప్పింది. ఎందుకంటే తప్పు బెలూన్ నొక్కితే ఏమీ కాదు. కాబట్టి నాలుగింటినీ టపటపా కొట్టేస్తున్నారు. సరైనది ఎలాగూ పగులుతుంది కదా! అది లెక్క కాదు, దోమలు కొట్టడం. మన హాస్టల్లో దోమలు కొట్టడం ఎవరికీ వెబ్‌సైటు పెట్టి నేర్పక్కర్లేదు.

రెండోది ఇంగ్లీషు మాటల సైటు. దాని సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. లోపలి నుంచి ఒక గొంతు ఇంగ్లీషులో మాట చెబుతుంది, పిల్లలు నాలుగు బొమ్మల్లో సరైనది నొక్కాలి. తప్పు నొక్కితే గాడిద అరుస్తుంది. మూడో తరగతిలో ఈ ఏడాదే చేరిన ఒక చెల్లి ఉంది. లోపలి గుంపు నుంచి వచ్చింది. ఇంటి దగ్గర కోయ తప్ప ఇంకో మాట వినలేదు, తెలుగే ఇప్పుడిప్పుడు పట్టుకుంటోంది. ఆమె వంతు వచ్చినప్పుడు ఆ గొంతు ‘ఇగ్లూ’ అంది. బొమ్మల్లో ఒకటి పడవ, ఒకటి గొడుగు, ఒకటి ఇల్లు, ఇంకోటి తెల్లగా గుండ్రంగా ఏదో ఉంది. తెల్లది పుట్ట అనుకుంది. మిగిలినవాటిలో తనకు బాగా తెలిసిన ఇంటి బొమ్మ నొక్కింది. గాడిద అరిచింది. అందరూ నవ్వారు. ఆ పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుని పావడా కింద పెట్టేసుకుంది. ఆ రోజు మళ్ళీ నొక్కలేదు. తర్వాత ఆదివారం తలుపు దగ్గరే నిలబడింది, లోపలికి రానంది.

ఇగ్లూ అంటే ఏమిటో మాకూ సరిగా తెలియదు. సోషల్ మేడమ్‌ని అడిగాం. ఉత్తరాన మంచు ప్రాంతాల్లో ఇన్యూట్ అనే జనం మంచు దిమ్మెలతో కట్టుకునే ఇల్లట అది. వాళ్ళూ ఆదివాసులే. ఇంకో సంగతి కూడా మేడమ్ చెప్పారు. వాళ్ళ భాషలో ఆ మాటకు అర్థం ఇల్లు అనే. మంచుదైనా, చెక్కదైనా, ఏ ఇల్లయినా ఇగ్లూనే. అంటే మన చెల్లి నొక్కింది తప్పు కాదు. గాడిదకే తెలియదు.

ఇది నవ్వుకోవడానికి రాయడం లేదు. తొమ్మిదో తరగతి వాళ్ళం మనకు తప్పు అంటే మళ్ళీ చేస్తాం. కొత్తగా వచ్చిన చిన్నపిల్లకు తప్పు అంటే, అదీ పదిమంది ముందు గాడిద అరుపుతో అంటే, చదువే తనది కాదనుకుంటుంది. మన ఊళ్ళల్లో దసరా సెలవులకు పోయి తిరిగి రాని పిల్లలు ఎంతమందో మీకు తెలుసు. వాళ్ళందరూ వెబ్‌సైటు వల్ల పోయారని నేను అనను. కానీ పోవడానికి ఇంకో కారణం మనమే కొని తెచ్చుకోవడం ఎందుకు?

అదే పిల్ల ముందు రెండో ఆదివారం ఒక బొమ్మల కథ పెట్టాం. అందులో మాటలే లేవు, బొమ్మలు మాత్రమే. తలుపు దగ్గర నుంచి మెల్లగా వచ్చింది. పేజీ తిప్పుతూ పది నిమిషాలు కోయలో కథ చెప్పింది. మిగతా ఆరుగురు నోరు తెరిచి విన్నారు. కథలో లేని అడవి పందిని కూడా తెచ్చి పెట్టింది!

ఆ కథ స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులోది. ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టారు. డబ్బు కట్టక్కర్లేదు. కథలకు మొదటి మెట్టు, రెండో మెట్టు అని నాలుగు మెట్లు ఉంటాయి. మొదటి మెట్టులో పేజీకి ఒకటి రెండు వాక్యాలే. తెలుగు కథలు చాలా ఉన్నాయి. గోండీ, సంతాలీ వంటి ఆదివాసీ భాషల్లో కూడా ఉన్నాయి. నాకు అన్నిటికన్నా నచ్చింది దాని నియమం. ఆ కథలను ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు, తమ భాషలోకి మార్చుకోవచ్చు. రాసినవాళ్ళ పేరు, బొమ్మలు వేసినవాళ్ళ పేరు మాత్రం తప్పక పెట్టాలి. మంచి నియమం కదా. మన గోడపత్రికలో ఒకరి బొమ్మ ఇంకొకరు వేసి పేరు మార్చేవాళ్ళు ఇది రెండుసార్లు చదవాలి.

భాష సంగతి ఎందుకు ఇంత పట్టుకుంటున్నానంటే ఒక ఉదాహరణ చెబుతాను. మా కోయలో ఏరు అంటే నీళ్ళు. తెలుగులో ఏరు అంటే పారే వాగు. ఒక సైటులో ‘ఏరు దాటిన మేక’ అని కథ వినిపిస్తే మా పిల్లలు మేక చెంబులో నీళ్ళు ఎలా దాటింది అని అడిగారు. పిల్లలకు తెలివి లేక కాదు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే ఏర్పాటు ఉండాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది, 1956లో చేర్చారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో కోయ, గోండి, కొలామి, కువి, కొండ, సవర, బంజారా, ఆదివాసీ ఒరియా అనే ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో చిన్న తరగతులకు వాచకాలు కూడా తయారుచేశారు. కాబట్టి ఇది నేను కొత్తగా కోరుతున్న కోరిక కాదు. పుస్తకానికి ఒప్పుకున్నది వెబ్‌సైటుకు ఎందుకు ఒప్పుకోం?

చార్టులో ఉండాల్సిన రెండో పేరు అరవింద్ గుప్తా గారి సైటు. ఆయన ఐఐటీలో ఇంజనీరింగ్ చదివి, పారేసే వస్తువులతో ఆటబొమ్మలు చేసి సైన్సు నేర్పినాయన. 2018లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ సైటులో బొమ్మలు ఎలా చేయాలో చిన్న చిన్న వీడియోలు ఉంటాయి, తెలుగు పుస్తకాలు కూడా ఉచితంగా దొరుకుతాయి. సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలు, అగ్గిపుల్లలు ఉంటే చాలు. పిల్లలు వీడియో ఒక్కసారి చూశారు, తర్వాత టీవీ వైపు తిరిగి చూడలేదు. త్రిభుజం చేశారు, చతురస్రం చేశారు. చతురస్రాన్ని నొక్కితే పక్కకు ఒరిగిపోతుంది, త్రిభుజం మాత్రం ఒరగదు. మా ఇంటి కప్పుకు వాసాలు అలా ఏటవాలుగా ఎందుకు కడతారో నాకే అప్పుడు తెలిసింది. నా లెక్క ప్రకారం మంచి వెబ్‌సైటు అంటే ఇదే. చూసినవాళ్ళను తన దగ్గర కూర్చోబెట్టుకోదు, లేపి పనికి పంపుతుంది.

మూడోది ఫెట్. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళది. నోబెల్ బహుమతి వచ్చిన కార్ల్ వీమన్ అనే భౌతికశాస్త్రవేత్త 2002లో మొదలుపెట్టారు. అందులో తూగుడు బల్ల ఒకటి ఉంది. రెండు వైపులా ఇటుకలు పెట్టి సమానంగా నిలపాలి. ఎక్కడ పెట్టాలో పిల్లలు ముందే పందెం వేసుకున్నారు. తప్పు పెడితే గాడిద అరవదు. బల్ల ఒక వైపు వాలుతుంది, అంతే. ఎందుకు వాలిందో వాళ్ళే మాట్లాడుకుని ఇటుక జరిపారు. మాటలు తక్కువ కాబట్టి ఇంగ్లీషు రాకపోయినా నడుస్తుంది. ఐదో తరగతి వాళ్ళకు భిన్నాలవీ ఉన్నాయి.

నాలుగోది దీక్ష. 2017లో కేంద్ర ప్రభుత్వం పెట్టింది. మన పాఠ్యపుస్తకాల్లో పాఠం దగ్గర నలుపు గళ్ళ ముద్ర ఉంటుంది కదా, దాన్ని ఫోనుతో చూస్తే పాఠానికి సంబంధించినవి అక్కడ తెరుచుకుంటాయి. ఇది పిల్లల చేతికి ఇచ్చేది కాదని నా ఉద్దేశం. సార్లు, మేడమ్‌లు ముందే చూసి కావలసినది దించి పెట్టుకునేది. వికీపీడియా కూడా ఎవరో రాశారు. తెలుగులో 2003 నుంచి ఉంది, నాకు చాలా ఇష్టం, కానీ అది మన తరగతులకు. మూడో తరగతికి ఆ వాక్యాలు కొరుకుడు పడవు.

ఇక పోవలసిన వాటి గురించి. రెండు సైట్లు తెరవగానే పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల ఫోను నంబరు అడుగుతాయి. మన పిల్లల్లో చాలామంది ఇళ్ళల్లో ఫోను లేదు. ఉన్నా సిగ్నలు కోసం గుట్ట ఎక్కాలి. అందుకని ఎవరో వార్డెన్ మేడమ్ నంబరు కొట్టారు. పాపం మేడమ్‌కి మూడు వారాలు ఫోన్లే ఫోన్లు. ‘మీ అమ్మాయి లెక్కల్లో వెనకబడి ఉంది, కోర్సు కొనండి’ అని. ఏ అమ్మాయి అని మేడమ్ అడిగితే వాళ్ళకీ తెలియదట! ఇంకో సైటులో కథ మధ్యలో ప్రకటన వచ్చింది, వారంలో తెల్లబడే క్రీము. మూడో తరగతి పిల్లలు పాఠం మర్చిపోయి తమ చేతులు చూసుకున్నారు. నాకు చాలా కోపం వచ్చింది. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో 18 ఏళ్ళు నిండని వాళ్ళందరూ పిల్లలే. వాళ్ళ వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలని, పిల్లలకు గురిపెట్టి ప్రకటనలు వేయకూడదని అందులో ఉంది. మా అమ్మకు ఆ అనుమతి కాగితం ఎవరు చదివి చెబుతారు? అందుకే నంబరు అడిగే సైటు, ప్రకటన వేసే సైటు మన చార్టులో వద్దు.

కొందరు అక్కలు నాతో వాదించారు. ‘అన్నీ తెలుగు, కోయ అంటే మరి ఇంగ్లీషు ఎప్పుడు వస్తుంది? అర్థం కాకపోయినా చెవిన పడాలి’ అన్నారు. నాకూ ఇంగ్లీషు కావాలి. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే, ఇంగ్లీషు విలువ నాకు తెలుసు. కానీ 2020 సెప్టెంబరు 1 నుంచి మూడు నుంచి పది తరగతుల వాళ్ళకు టీవీలో పాఠాలు వచ్చినప్పుడు మా గుంపులో ఒక్కరింట్లోనే టీవీ ఉండేది. రోజూ పోయి కూర్చునేవాళ్ళం. చెవిన బాగానే పడింది. ఆపి మళ్ళీ చెప్పమనడానికి లేదు, అడగడానికి మనిషి లేరు. బడి తెరిచాక చూస్తే ఏమీ మిగల్లేదు. పాఠం చెప్పిన సార్ల తప్పు కాదు అది. అర్థం చెప్పే మనిషి పక్కన లేకపోతే చెవిన పడింది చెవి నుంచే పోతుంది. ఇంగ్లీషు కథే పెట్టండి, కానీ పక్కన ఒక అక్క కూర్చుని కోయలో మాట్లాడాలి.

వార్డెన్ మేడమ్‌కి ఒక విన్నపం. నెట్ అంటే పిల్లలు చెడిపోతారని మీ భయం. ఆ భయంలో కొంత నిజం ఉంది, క్రీము ప్రకటన నేనూ చూశాను. అందుకే చిన్నపిల్లల ముందు నెట్ పెట్టనే వద్దు. స్టోరీవీవర్ కథలు, ఫెట్ ఆటలు డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండా తెరుచుకుంటాయి. కంప్యూటరు సారు ఒక పెన్‌డ్రైవులో దించి ఇస్తే చాలు. వానాకాలంలో సిగ్నలు ఎలాగూ ఉండదు. కరెంటు పోతే అగ్గిపుల్లలు ఉంటాయి.

మొదటి మెట్టు కథలు ఆరు ప్రింటు తీయిస్తామని సారు మాట ఇచ్చారు. బొమ్మ కింద తెలుగు అక్షరాలతో కోయ వాక్యం రాయాలి. కోయ బాగా వచ్చినవాళ్ళు, ముఖ్యంగా లోపలి గుంపుల వాళ్ళు, ఈ ఆదివారం టిఫిన్ అయ్యాక కంప్యూటరు గదికి రండి. పెన్సిల్, రబ్బరు మీరే తెచ్చుకోవాలి. మూడో తరగతి చెల్లిని కూడా పిలిచాం. వాక్యం సరిగా ఉందో లేదో ఆమె చెబుతుంది.

— 9వ తరగతి విద్యార్థిని