బంగారు ఏనుగుకి మావటి లేడు

హైదరాబాదుకో అంతర్జాతీయ చలనచిత్రోత్సవం ఉండేదని మన ఐటీ జనాల్లో ఎవరితో అన్నా, "రామోజీ ఫిల్మ్ సిటీలోనా?" అని అడుగుతారు. కాదండీ, పిల్లల సినిమాల పండగ. పేరు గోల్డెన్ ఎలిఫెంట్. రెండేళ్ళకోసారి, నవంబర్లో, వారం రోజులు. లలిత కళాతోరణం, శిల్పకళావేదిక, ప్రసాద్ ఐమాక్స్.. ఈ పేర్లు వింటే ముప్ఫై దాటిన హైదరాబాదీలకి కొంచెం గుర్తు రావచ్చు.

కథ క్లుప్తంగా చెప్తాను. నెహ్రూ చొరవతో 1955లో చిల్డ్రన్స్ ఫిల్మ్ సొసైటీ పుట్టింది. వాళ్ళే 1979లో ముంబైలో ఈ పండగ మొదలెట్టారు. కొన్నాళ్ళు ఊరూరా తిరిగి, 1990ల్లో హైదరాబాదు చేరి ఇక్కడే స్థిరపడింది. అంతకు ముందు 1986 జనవరిలో, ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉండగా, పెద్దల ఫిల్మోత్సవ్ కూడా ఇక్కడ జరిగింది. అది మాత్రం చుట్టపుచూపే. పిల్లల పండగకి "శాశ్వత వేదిక" అని బోర్డు పెట్టారు.

చివరిసారి 2017 నవంబరు 8 నుంచి 14 దాకా జరిగింది. అది ఇరవయ్యోది. ఇరవై ఒకటోది 2019లో రావాలి. రాలేదు.

మధ్యలో ఏం జరిగింది? 2018 ఫిబ్రవరిలో సొసైటీ చైర్మన్ పదవికి ముఖేష్ ఖన్నా (అవును, మన శక్తిమానే) గడువుకు ముందే రాజీనామా చేశాడు. పిల్లల సినిమాలకి కేంద్ర శాఖ నుంచి తగినన్ని డబ్బులు రావడం లేదని బయటికే చెప్పాడు. తర్వాత కరోనా. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం సొసైటీతో సహా నాలుగు సినిమా సంస్థల్ని ఎన్‌ఎఫ్‌డీసీలో కలపాలని నిర్ణయించింది. 2022 మార్చిలో ఆ పని పూర్తయింది.

ఒకే పని నాలుగుచోట్ల జరగకూడదన్నది వాళ్ళు చెప్పిన కారణం. మన భాషలో రీఫాక్టరింగ్. అందులో తప్పేం లేదు. కాకపోతే రీఫాక్టరింగ్ చేసేటప్పుడు ఏమవుతుందో మనకి బాగా తెలుసు. ఏ ఫంక్షన్ని ఎవరూ పిలవడం లేదో దాన్ని డెడ్ కోడ్ అని పక్కన పెడతాం. హైదరాబాదు నుంచి ఎవరూ గట్టిగా పిలవలేదు. అదీ అసలు సంగతి.

డబ్బు లేక పండగ ఆగిందని చాలామంది అంటారు. నేనొప్పుకోను. డబ్బు ప్రతీ చలనచిత్రోత్సవానికీ కొరవే. తేడా ఎక్కడంటే, డబ్బు లేనప్పుడు నిద్ర పట్టనివాడు ఒకడు ఉన్నాడా లేడా అన్నదగ్గర. మన దగ్గర నడిపేది కేంద్ర సంస్థ, ఆతిథ్యమిచ్చేది రాష్ట్ర ప్రభుత్వం. చూసేది బడిపిల్లలు, వాళ్ళకి ఓట్లుండవు. సర్వీసు డౌన్ అయితే పేజర్ ఎవరికి మోగాలో ఎక్కడా రాసిలేదు. వేదిక శాశ్వతం, యజమాని మాత్రం లేడు.

కేరళ చూడండి. వాళ్ళ పండగ 1996లో మొదలైంది. 1998లో చలచ్చిత్ర అకాడమీ అని రాష్ట్రం సొంతంగా ఒక సంస్థ పెట్టుకుంది. 2018లో వరదలొచ్చి, ప్రభుత్వం పండగలకి డబ్బులివ్వలేమని చెప్పేసింది. న్యాయమే కదా, జనం ఇళ్ళు పోగొట్టుకునుంటే సినిమాలేమిటి? కానీ అకాడమీ ఊరుకోలేదు. డెలిగేట్ ఫీజు 650 నుంచి 2000 రూపాయలకి పెంచింది, ఖర్చులు కోసేసింది, ఆ డిసెంబరులోనే పండగ జరిపింది. తిట్టుకుంటూనే జనం కట్టారు. మనకీ వాళ్ళకీ తేడా డబ్బులో లేదు, ఆ అకాడమీలో ఉంది.

"మనకింత పెద్ద ఇండస్ట్రీ ఉంది, ప్రభుత్వం డబ్బులెందుకు?" అంటారు కొందరు. పాయింటే. కానీ ఇండస్ట్రీ ఆడే సినిమాలు తీస్తుంది, అది దాని ధర్మం. నేనుండేది గౌడవెల్లిలో. 2023లో ఎమ్మెమ్టీఎస్ మేడ్చల్ దాకా వచ్చాక మా స్టేషన్లో కూడా ఆగుతోంది. ఇక్కడి పిల్లలకి సినిమాలకేం కరువు లేదు, అరచేతిలో కావలసినన్ని. అయితే వాటిల్లో పిల్లాడంటే హీరో చిన్నప్పటి వేషం, పది నిమిషాల్లో ఫ్లాష్ బ్యాక్ అయిపోతుంది. తమ వయసువాడే మొదటినుంచీ చివరిదాకా కథ నడిపే సినిమా, అదీ ఇరాన్‌దో చైనాదో, వాళ్ళు ఎక్కడ చూడాలి? పండగ రోజుల్లో బడిపిల్లల్ని బస్సుల్లో థియేటర్లకి తీసుకెళ్ళేవారు. సర్కారు బడి పిల్లాడికి ఆ టికెట్ మార్కెట్ ఇవ్వదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, పాత పండగేమీ స్వర్ణయుగం కాదు. ప్రారంభోత్సవాలు, సన్మానాలు, ఉపన్యాసాల గోల ఎక్కువ. మళ్ళీ అదే తెమ్మని నేననడం లేదు.

నేనడిగేవి రెండు. ఒకటి, రాష్ట్రం కేరళ తరహాలో ఒక స్వతంత్ర అకాడమీ పెట్టి, బడ్జెట్‌లో దానికంటూ ఒక పద్దు రాయాలి. 2025లో గద్దర్ అవార్డులు ఇవ్వగలిగాం కదా, సినిమా మీద శ్రద్ధ లేదని ఎవరూ అనలేరు. రెండోది మనకి. కంపెనీల చట్టంలో రెండు శాతం సీఎస్సార్ ఉంది, కళలూ సంస్కృతీ ఆ జాబితాలోనే ఉన్నాయి. మొక్కలు నాటి ఫోటోలు దిగడంతో పాటు, ఒక్క పిల్లల సినిమాకి తెలుగు వాయిస్ ఓవర్ చేయించి, ఒక్క సర్కారు బడికి చూపించమని మీ హెచ్చార్‌ని అడిగి చూడండి. సబ్‌టైటిల్స్ చదవలేని వయసు వాళ్ళకి అదే కావాలి.

పదిమంది అడిగితే అప్పుడు కనీసం దాన్ని డెడ్ కోడ్ అనలేరు. ఏమంటారు?