నాయకుని పక్కనున్నవాడు

పోలీసు ధారావాహికలను ప్రధాన నటుని ప్రతిభతోనే తూచడం మన విమర్శకు అలవాటైపోయింది. బ్రిటిష్ నటుడు జాన్ థా ఇందుకు తగిన ఉదాహరణ. ‘ది స్వీనీ’ (1975–78)లో ఆయన పోషించిన జాక్ రీగన్ లండన్ నేరస్థులను పిడికిలితో లొంగదీస్తాడు. ‘ఇన్‌స్పెక్టర్ మోర్స్’ (1987–2000)లో అదే నటుడు ఆక్స్‌ఫర్డులో ఒపెరా వింటూ, పదబంధ ప్రహేళికలు పూరిస్తూ హత్యల చిక్కుముడులు విప్పుతాడు. మొదటిది మోటు, రెండవది సంస్కారవంతం అని తీర్పు చెప్పి ఊరుకోవడం పరిపాటి.

ఈ తీర్పు పైపూతను మాత్రమే చూస్తుంది. రెండింటిలోనూ కథకు కేంద్రం పై అధికారే. సార్జెంట్ కార్టర్ గాని, సార్జెంట్ లూయిస్ గాని ఆయన నీడలో నిలిచినవారే. తన పేరిట ఒక ధారావాహిక రావడానికి లూయిస్ 2006 దాకా వేచివుండవలసి వచ్చింది.

తెరమీది ఈ వరుసక్రమం జీవితంలోనూ కనబడుతుంది. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఉన్న కోల్‌కతా గార్డెన్ రీచ్ పేరు వాల్తేరు రైల్వే ఉద్యోగులకు కొత్త కాదు. అక్కడ 1984 మార్చి 18న అల్లర్లను అదుపుచేయబోయిన డిప్యూటీ కమిషనర్ వినోద్ మెహతాను మూక హతమార్చింది. ఆయన అంగరక్షకుడు, కానిస్టేబుల్ మొఖ్తార్ అలీ కూడా ఆ దాడిలోనే బలయ్యాడు. ఆ దారుణం మాత్రం ‘మెహతా హత్య’గానే వ్యవహారంలో నిలిచింది. అధికారి త్యాగం నిస్సందేహంగా స్మరణీయం. అయితే కానిస్టేబుల్ ప్రాణం దానికి అనుబంధం కాదు.

దృశ్యమాధ్యమం ప్రజాస్మృతిని మలుస్తుంది. కనుక పోలీసు కథలకు ప్రభుత్వ ధనాన్ని, ప్రసార సమయాన్ని కేటాయించేవారు కథానాయకుడు ఎవరని అడిగేముందు, అతని పక్కనున్నవానికి ఒక పేరు, ఒక మాట, ఒక ఇల్లు ఉన్నాయా అని అడగాలి.