బస్సు దిగాక అసలు ప్రయాణం

అమరచింతలో గానీ, ఆత్మకూరులో గానీ, గద్వాలలో గానీ హైదరాబాదుకు బయల్దేరిన ఆడవాళ్ళను ఒక్కసారి కదిలించి చూడండి. "బస్సుకు ఖర్చేముందమ్మా, ఆధార్ కార్డు చూపెడితే సున్నా టికెట్టిస్తరు. పట్నంల దిగినంకనే ఉంటది తిప్పలంత" అంటారు. ఆ మాటలో చాలా నిజముంది. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. అప్పటి నుంచి తెలంగాణ ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. అంత దూరం పైసా ఖర్చు లేకుండా వచ్చేస్తాం. ఇమ్లీబన్ బస్టాండులో దిగాక గాంధీ ఆసుపత్రికో, అమీర్‌పేటకో, కూతురు అద్దెకుంటున్న మియాపూర్‌కో వెళ్ళాలంటే మాత్రం చేతి సంచీలో డబ్బులు లెక్కపెట్టుకోవాలి.

ఆటోవాడితో బేరమాడాలా, సిటీ బస్సు కోసం నిలబడాలా, పక్కనే కనబడుతున్న మెట్రో మెట్లెక్కాలా? పట్నంలో ఉన్న ఉద్యోగినికీ, పల్లె నుంచి వచ్చిన నేతపని చేసే తల్లికీ ఈ ప్రశ్న ఒక్కటే. దీనికి ప్రభుత్వం చెప్పే జవాబు మీదే మన రోజువారీ బతుకు కొంత ఆధారపడి ఉంది.

మెట్రో ఏం మార్చింది?

ముందు మంచి చెప్పుకుందాం. హైదరాబాదు మెట్రో 2017 నవంబరు 28న నాగోలు, మియాపూర్‌ల మధ్య ప్రారంభమైంది. మర్నాటి నుంచి జనాన్ని ఎక్కించుకుంది. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా, 2019లో హైటెక్ సిటీ, రాయదుర్గం దాకా పెరిగింది. 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్‌స్టేషను నుంచి మహాత్మాగాంధీ బస్‌స్టేషను, అంటే మన ఇమ్లీబన్ దాకా వచ్చింది. మొత్తం 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లు.

ఇమ్లీబన్‌లో రెండు లైన్లు కలుస్తాయి. ఒకటి అమీర్‌పేట మీదుగా మియాపూర్ పోతుంది. రెండోది ఎక్కితే ఆరో స్టేషనే గాంధీ ఆసుపత్రి. రోగిష్టి అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చిన కోడలికి ఇది ఎంత మేలో చెప్పనక్కర్లేదు. ట్రాఫిక్కులో ఇరుక్కోవడం లేదు, మీటరు వెయ్యనన్న ఆటోతో వాదన లేదు.

ఉద్యోగాలకు వెళ్ళే అమ్మాయిలను అడగండి, మరో మాట చెబుతారు. కిక్కిరిసిన సిటీ బస్సులో వెనక నుంచి తగిలే చేతులను మోచేత్తో నెట్టుకుంటూ ప్రయాణం చేసిన తరం మనది. మెట్రోలో ఆడవాళ్ళకు బోగీలో కొంత భాగం ప్రత్యేకించారు, కెమెరాలున్నాయి, వెలుతురుంది. రాత్రి తొమ్మిదింటికి ఆఫీసు నుంచి బయటపడ్డ పిల్ల "రైలెక్కేశానమ్మా" అని ఫోను చేస్తే తల్లి గుండె కుదుటపడుతుంది. ఆడవాళ్ళకు ప్రత్యేకమైన చోటు అడగడం కొత్త సంగతేమీ కాదు. బొంబాయిలో కేవలం మహిళల కోసమే ఒక లోకల్ రైలు 1992లో మొదలైంది. ఢిల్లీ మెట్రోలో మహిళల బోగీ 2010లో వచ్చింది.

తోడికోడళ్ళ పంచాయితీ

మరి చిక్కెక్కడ వచ్చింది? ఒకే ఊళ్ళో బస్సుకు టికెట్టు లేదు, రైలుకుంది. 2024లో మెట్రో నడిపే ఎల్ అండ్ టీ సంస్థ ఉన్నతాధికారి ఒకరు, ఉచిత బస్సు వచ్చాక ఆడవాళ్ళు మెట్రో వదిలి బస్సులకు మళ్ళారని పైకే అన్నారు. ఆ మాట మీద పెద్ద దుమారమే రేగింది. బస్సునూ రైలునూ ఒకింటి తోడికోడళ్ళలా పోట్లాటకు దింపి, తప్పంతా ఉచిత టికెట్టు తీసుకున్న ఆడవాళ్ళదే అన్నట్టు మాట్లాడటం ఏం న్యాయం? ఇళ్ళల్లో పాచిపని చేసుకునే ఆవిడ నెలకు మిగిలిన బస్సు చార్జీతో పిల్లవాడికి ట్యూషను పెట్టింది. ఆమె ఎవరికి ద్రోహం చేసినట్టు?

అయితే మెట్రో కూడా ఉచితం చెయ్యాలా? 2019 జూన్‌లో ఢిల్లీ ప్రభుత్వం బస్సుల్లో, మెట్రోలో రెండింట్లోనూ మహిళలకు ఉచితమని ప్రకటించింది. అదే ఏడాది అక్టోబరు 29న బస్సుల్లో అమలైంది. మెట్రోలో మాత్రం అమలు కాలేదు. కట్టడానికి చేసిన అప్పు, కరెంటు బిల్లు, నిర్వహణ ఎవరో ఒకరు భరించాల్సిందే కదా. ఇక్కడ మెట్రో నడిచేది మూడు బోగీలతో. పొద్దున పూట అమీర్‌పేటలో ఎక్కి చూడండి, కాలు మోపే చోటుండదు. ఉన్న బోగీలు పెంచకుండా ఉచితం అంటే, నిలబడ్డానికే చోటు లేని ఉచితం అవుతుంది. కాబట్టి "ఉచితమా, కాదా" అన్న ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతే మనకు కావలసినవి మరుగున పడతాయి.

చిన్న ప్రయాణానికి పెద్ద ధర

2025 మే నెలలో మెట్రో చార్జీలు పెంచారు. గొడవయ్యాక పది శాతం తగ్గించారు. అలా కనీస చార్జీ 11 రూపాయలు, గరిష్ఠం 69 రూపాయలు అయింది. ఇక్కడ ఒక లెక్క చూడండి. రెండు కిలోమీటర్ల లోపు దూరానికి 11 రూపాయలంటే, రెండూ పూర్తిగా వెళ్ళినా కిలోమీటరుకు అయిదున్నర. ఇరవై నాలుగు కిలోమీటర్లు దాటాక 69 అంటే కిలోమీటరుకు మూడు రూపాయల కన్నా తక్కువ. దూరం పోయేవాళ్ళకు చవక, దగ్గరికి పోయేవాళ్ళకు ప్రియం.

దగ్గరికి, పదే పదే పోయేదెవరు? మగవాడు పొద్దున ఇంటి నుంచి ఆఫీసుకు, సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికి. ఇల్లాలి ప్రయాణం అలా సూటిగా ఉంటుందా! పిల్లవాణ్ణి బడిలో దింపాలి, ఉద్యోగానికి పోవాలి, తిరిగొచ్చేప్పుడు మందుల షాపు, కూరగాయలు, మామగారి రక్త పరీక్ష రిపోర్టు. దిగిన ప్రతిచోటా గేటు దాటితే టికెట్టు చెల్లిపోతుంది, మళ్ళీ కొత్త టికెట్టు. ఇంటి పని ఎవరు ఎక్కువ చేస్తే వాళ్ళకే ఎక్కువ ఖర్చన్నమాట. టికెట్టు ధర నిర్ణయించినప్పుడు ఈ ప్రయాణం ఎవరి కళ్ళకూ కనబడినట్టు లేదు.

దీనికి మందు లేకపోలేదు. లండన్‌లో 2016 నుంచి, ఒకసారి బస్సు చార్జీ కడితే గంట లోపల మరో బస్సెక్కినా మళ్ళీ కట్టనక్కర్లేదు. వియన్నా నగరం 1990లలోనే ఆడవాళ్ళు రోజూ ఎక్కడెక్కడికి, ఎలా తిరుగుతున్నారో అడిగి తెలుసుకుని, కాలిబాటలు వెడల్పు చేసింది. మన మెట్రోలో కూడా గంటలోపు దిగి మళ్ళీ ఎక్కితే ఒకే టికెట్టు చెల్లేలా చెయ్యడం కష్టమా? టికెట్టు వాట్సప్‌లో ఇచ్చేంత తెలివైన యంత్రాలకు ఈ లెక్క రాదా?

రైలు దాకా చేరేదెలా?

రైల్లో ఎక్కాక అందరం సుఖంగానే ఉంటున్నాం. కష్టమంతా రైలుకు ఇవతలా అవతలా ఉంది. స్టేషను రోడ్డు మీద రెండంతస్తుల ఎత్తున ఉంటుంది. లిఫ్టుంది, కానీ మనం దిగిన వైపు ఉండకపోతే చంటిపిల్లనెత్తుకుని రోడ్డు దాటాలి. కాలిబాట మీద బండ్లు పార్కు చేసి ఉంటాయి. స్టేషను నుంచి ఇంటికి కిలోమీటరున్నర దూరమైతే, రాత్రి పదింటికి ఆ కిలోమీటరున్నర ఎవరు తోడొస్తారు? రైల్లో ఉన్న కెమెరా సందులోకి రాదు గదా. షేర్ ఆటోకు ఇచ్చే డబ్బు కలిపితే మెట్రో ఖర్చు దాదాపు రెట్టింపవుతుంది. స్టేషను నుంచి కాలనీలకు చిన్న బస్సులు వేసి, వాటికీ మహాలక్ష్మి వర్తింపజేస్తే బస్సు, రైలు పోటీ పడవు, ఒకదానికొకటి చెయ్యందిస్తాయి.

ఇంకో మాట, పైకి చెప్పుకోవడానికి మొహమాటపడేది. 2023 జూన్‌లో స్టేషన్లలో మరుగుదొడ్డికి 5 రూపాయలు, మూత్రశాలకు 2 రూపాయలు అని వసూలు మొదలుపెట్టారు.   తెల్లవారుజామున అమరచింతలో బస్సెక్కిన మనిషి దారిలో నీళ్ళు తాగడానికి కూడా భయపడి వస్తుంది. ఆమె దగ్గర మరుగుదొడ్డికి కూడా డబ్బు తీసుకోవడానికి ఏ న్యాయం ఒప్పుకుంటుంది?

భద్రత అంటే ఆకతాయిల నుంచి కాపాడటం ఒక్కటే కాదు. 2019 సెప్టెంబరు 22న వానకు తలదాచుకోవడానికి అమీర్‌పేట స్టేషను కింద నిలబడ్డ యువతి మీద పైనుంచి కాంక్రీటు పెచ్చు ఊడిపడి ప్రాణం పోయింది. కట్టినదాన్ని కనిపెట్టి చూసుకోవడం కూడా మన భద్రతే.

ఇప్పుడే ఎందుకు అడగాలి?

2025 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఈ మెట్రోను ఎల్ అండ్ టీ నుంచి తానే తీసుకోవాలని నిర్ణయించింది. సుమారు 13 వేల కోట్ల రూపాయల అప్పును మీదేసుకోవడంతో పాటు సంస్థకు రెండు వేల కోట్ల దాకా ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆ డబ్బు ఎవరిది? హైదరాబాదులో ఉన్నవాళ్ళదే కాదు, సామాన్లు కొన్నప్పుడల్లా పన్ను కట్టే వనపర్తి, నాగర్‌కర్నూలు ఆడవాళ్ళది కూడా. "లాభం రావాలి" అని అనడానికి ఒక కంపెనీకి హక్కుంటుంది. ప్రభుత్వం చేతికొచ్చాక "ఎవరికి ఉపయోగపడాలి" అని అడిగే హక్కు మనది.

రెండో దశ కింద 76.4 కిలోమీటర్ల కొత్త లైన్లకు 24,269 కోట్ల రూపాయల అంచనాతో 2024లో రాష్ట్రం కేంద్రానికి ప్రతిపాదన పంపింది. అందులో శంషాబాదు విమానాశ్రయానికి పోయే లైను ఆరాంఘర్ మీదుగా గీశారు. పాలమూరు బస్సులు చాలావరకు పట్నంలోకి అడుగుపెట్టేది అక్కడే. ఆ స్టేషను కిందే జిల్లా బస్సులు ఆగే చోటు, కూర్చునే నీడ, శుభ్రమైన మరుగుదొడ్డి, మెట్లెక్కలేని వాళ్ళకు లిఫ్టు ఉండాలని నక్షా దశలోనే అడగాలి. స్తంభాలు లేచాక అడిగితే "ఇప్పుడెలా కుదురుతుందమ్మా" అంటారు.

మొదటి దశలో స్టేషన్లను ఆరు బోగీల రైలుకు సరిపోయేట్టు కట్టారు. నడుస్తున్నవి మూడు. అంటే రద్దీ తగ్గించడానికి కొత్తగా స్టేషన్లు కట్టక్కర్లేదు, బోగీలు కొంటే చాలు. గంటలోపు చెల్లే టికెట్టు, స్టేషను నుంచి కాలనీకి బస్సు, డబ్బు కట్టక్కర్లేని మరుగుదొడ్డి, ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు. మహిళా సంఘాల్లో నెలనెలా కూర్చుంటాం కదా, పొదుపు లెక్కలతో పాటు ఈ నాలుగు ముక్కలూ తీర్మానం రాసి మీ ఎమ్మెల్యేకు, కలెక్టరుకు ఇవ్వండి. పట్నంలో కాలనీ సంఘాల వాళ్ళు మీ కార్పొరేషను వాళ్ళకివ్వండి. అడగందే అమ్మయినా పెట్టదంటారు. సర్కారు అమ్మ కన్నా దయగలదేం కాదు.