కల్తీ లేని దగ్గు మందు మాటేమిటి?

మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో 2025లో కోల్డ్రిఫ్ సిరప్ తాగిన పసిపిల్లలు కిడ్నీలు చెడి చనిపోయాక, దగ్గు మందు మీద మన చర్చంతా ఒక్క అంకె చుట్టూనే తిరుగుతోంది: 48.6. తమిళనాడు ప్రభుత్వ ల్యాబ్ ఆ మందులో కనిపెట్టిన డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం శాతం అది. అనుమతించే పరిమితి 0.1 శాతం. ఆ అంకె చూసి రగలని మనిషి ఉండడు. అయితే ఆ ఆగ్రహంలోంచి వచ్చిన సలహాలన్నీ ఒకే చోట ఆగిపోవడమే నాకు మింగుడు పడడం లేదు. ల్యాబులు పెంచాలట, ప్రతి బ్యాచ్‌నూ పరీక్షించాలట, కంపెనీల లైసెన్సులు బిగించాలట. అన్నీ చేయాల్సిందే. కానీ అన్ని పరీక్షలూ నెగ్గి బయటికొచ్చిన సీసా కూడా కోట్లాది మంది భారతీయులు తాగకూడనిదే. దాని గురించి ఒక్కరూ నోరు విప్పరేం?

ఎవరూ ఎత్తని అంకె ఇంకొకటి ఉంది: 32. ప్రపంచ జనాభాలో మనం 18 శాతం. ఊపిరితిత్తుల దీర్ఘవ్యాధుల వల్ల అకాలంగా పోయిన ఆయుష్షునూ, రోగంతో ఈడ్చుకొచ్చిన ఏళ్ళనూ కలిపి లెక్కగడితే, ప్రపంచ భారంలో 32 శాతం మన దేశానిదే. ఇది 2016 నాటి లెక్క. 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో అచ్చయింది. ఊపిరి గొట్టాలు ఇరుకై గాలి ఆడనివ్వని దీర్ఘవ్యాధి సీఓపీడీ ఉన్నవారే 5.5 కోట్ల మందని, 1990లో ఆ సంఖ్య 2.8 కోట్లని ఆ అధ్యయనం చెప్పింది. వీళ్ళలో చాలామందికి తమ జబ్బు పేరు తెలియదు. దమ్మో, ఆయాసమో, పాత దగ్గో అనుకుంటారు. ఆ పాత దగ్గుకు వాళ్ళు కొనేది సిరప్పే.

ఊపిరి గొట్టాలు వాచి, కఫం ఊరుతూ ఉండే మనిషికి దగ్గే రక్షణ. కఫం బయటికి రావడానికి దానికున్న ప్రధానమైన దారి అదే. కోడీన్, డెక్స్‌ట్రోమెథోర్ఫాన్ లాంటి మందులు మెదడులో దగ్గును పుట్టించే కేంద్రాన్ని నొక్కేస్తాయి. పూడిక పేరుకుంటున్న కాలువకు తూము మూసేసినట్టు, కఫం లోపలే నిలిచి ఇన్‌ఫెక్షన్‌కు చోటిస్తుంది. కోడీన్ అంతటితో ఆగదు, శ్వాస వేగాన్నీ తగ్గిస్తుంది. ముదిరిన సీఓపీడీలో కార్బన్ డయాక్సైడ్ బయటికి పోక రక్తంలో ఇప్పటికే పేరుకుని ఉండవచ్చు. అలాంటి మనిషి రాత్రి సిరప్ తాగి ‘హాయిగా’ నిద్రపోయాడంటే ఇంట్లోవాళ్ళు సంతోషిస్తారు. ఆ మత్తు, మందు చేసిన మేలో, ఒంట్లో పెరిగిన కార్బన్ డయాక్సైడ్ ప్రభావమో వాళ్ళకెలా తెలుస్తుంది?

సీసాలో ఇంకా చాలా ఉంటాయి. క్లోర్‌ఫెనిరమిన్ మగత తెస్తుంది, కఫాన్ని చిక్కబరుస్తుంది, ప్రోస్టేట్ పెరిగిన పెద్దవాళ్ళకు మూత్రం బిగబట్టేలా చేస్తుంది. ఫినైలెఫ్రిన్ బీపీ పెంచగలదు. నోటి ద్వారా తీసుకుంటే ముక్కుదిబ్బడకు అది పనిచేయదని అమెరికా ఎఫ్‌డీఏ నిపుణుల కమిటీ 2023లో ఏకగ్రీవంగా తేల్చింది. కఫం పల్చబరచే మందునూ దగ్గును ఆపే మందునూ ఒకే మూతలో పోసి తాగిస్తారు. ఒకటి కఫాన్ని బయటికి తెమ్మంటుంది, రెండోది రానివ్వద్దంటుంది. ఊపిరి గొట్టాలను విప్పే సాల్బుటమాల్ కలిపిన రకాలది మరో తంటా. ఇన్‌హేలర్‌లో ఒక్క పీల్పుకు 100 మైక్రోగ్రాములు నేరుగా ఊపిరితిత్తుల వైపు వెళ్తుంది. అదే మందు నోటి ద్వారా ఇస్తే 2 నుంచి 4 మిల్లీగ్రాములు, అంటే 20 నుంచి 40 రెట్లు. అది ఒళ్ళంతా తిరుగుతుంది. గుండెదడ, చేతుల వణుకు వచ్చేది అందుకే. ఇవేవీ కల్తీలు కావు. లేబుల్ మీద అచ్చేసి అమ్ముతున్న పదార్థాలు.

ప్రభుత్వానికి ఈ సంగతి తెలియదనుకుందామా అంటే అదీ కాదు. 2016 మార్చిలో 344 మిశ్రమ మందుల్ని నిషేధించినప్పుడు కోడీన్ దగ్గు మందులు అందులో ఉన్నాయి. ఆ డిసెంబరులోనే ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. నిపుణుల కమిటీల చుట్టూ ఏళ్ళు తిరిగాక, 2023 జూన్‌లో 14 మిశ్రమాలను మళ్ళీ నిషేధించారు. వాటిలో ఎక్కువ భాగం దగ్గు, కఫాల మందులే. క్లోర్‌ఫెనిరమిన్-కోడీన్ ఉంది, సాల్బుటమాల్-బ్రోమ్‌హెక్సిన్ ఉంది. ప్రభుత్వం చెప్పిన కారణం వాటికి చికిత్సాపరమైన సమర్థన లేదని, మనుషులకు ముప్పు ఉండవచ్చని. ఆ మిశ్రమాల్లో కల్తీ ఉందని ఎవరూ అనలేదు. అంటే శుద్ధమైన మందు కూడా హాని చేయగలదని ప్రభుత్వమే గెజిట్‌లో ఒప్పుకుంది. రెండేళ్ళు తిరిగి ఛింద్వాడా వచ్చేసరికి ఆ మాట మరిచిపోయి, మళ్ళీ కల్తీ దగ్గరే ఆగింది.

కోల్డ్రిఫ్ తర్వాత కేంద్రం ఇచ్చిన సూచన పిల్లలకు పరిమితం. రెండేళ్ళ లోపు వారికి దగ్గు, జలుబు మందులు రాయొద్దని, అయిదేళ్ళ లోపు వారికి మామూలుగా వద్దని. మంచిదే. వెయ్యి లోపు జనాభా ఉన్న ఊళ్ళలో లైసెన్సు లేకుండా అమ్ముకునే మినహాయింపు నుంచి సిరప్‌లను తప్పించే ప్రతిపాదనా మంచిదే. వీటిలో అరవయ్యేళ్ళ ఆయాసం రోగి ఎక్కడున్నాడు? 32 శాతం భారం మోస్తున్న దేశంలో పెద్దవాళ్ళ ఊపిరితిత్తుల గురించి ఒక్క వాక్యం కూడా రాయాలనిపించలేదా?

దగ్గు ఆపే మందుకు అసలు చోటే లేదని నేననను. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో నిద్ర పట్టనివ్వని పొడిదగ్గుకు డాక్టరు చూసి ఇస్తే అది ఉపశమనమే. పేదవాడికి అందుబాటులో ఉన్న చవక మందును దూరం చేయొద్దనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళతోనే నా తగువు. మామూలు దగ్గుకు షాపుల్లో దొరికే సిరప్‌లు పనిచేస్తాయనడానికి గట్టి ఆధారం లేదని, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సమీక్షలు ఎప్పుడో చెప్పాయి. పనిచేస్తుందో లేదో తెలియని సీసా నెలనెలా కొంటే అది చవకెలా అవుతుంది?

మన రాష్ట్రాల్లో ఈ జబ్బు ఎవరిదో చూడండి. దేశం మొత్తం మీద సీఓపీడీ భారంలో సగానికి పైగా, 53.7 శాతం, గాలి కాలుష్యం వల్లేనని ఆ లాన్సెట్ అధ్యయనమే చెప్పింది. పొగాకు వాటా 25.4 శాతమే. గాలి కాలుష్యమంటే ఇంటిలోపలి కట్టెల పొయ్యి పొగ కూడా. ఆ పొయ్యి ముందు వంట చేసిన ఆడవాళ్ళు, చీమకుర్తి గ్రానైట్ దుమ్ములో రాయి కోసినవాళ్ళు, నిజామాబాద్ జిల్లాలో పొగాకు రజను పీలుస్తూ బీడీలు చుట్టినవాళ్ళు, ఉత్తరాంధ్రలో నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగిన ముసలమ్మలు. రెండు వారాలు దగ్గితే టీబీకి కళ్ళె పరీక్ష చేయించుకోమని ప్రభుత్వం గోడల మీద రాయించింది. వీళ్ళు చేయించుకుంటారు. టీబీ లేదని వస్తుంది. ఆ తర్వాత దారి లేదు. చాలా చోట్ల ఆ కాగితంతో పాటు చేతికొచ్చేది సీసానే.

అక్కడే స్పైరోమెట్రీ పరీక్ష జరగాలి. గొట్టంలోకి గట్టిగా ఊదితే చాలు, నిమిషాల్లో ఫలితం వచ్చే పరీక్ష. టీబీ లేదని తేలిన ప్రతి పాత దగ్గునూ దానికి పంపే నిబంధన ఉండొద్దా? ఈ జబ్బుకు వాడే ఇన్‌హేలర్లు జాతీయ అత్యావశ్యక ఔషధాల జాబితాలో ఉన్నాయి. అవి పీహెచ్‌సీ అలమారాలో ఏడాది పొడవునా ఉన్నాయో లేదో ఏ మంత్రి సమీక్షలో అడుగుతున్నారు? ఇన్‌హేలర్ గురించి ‘పంపు వాడితే అలవాటైపోతుంది’ అనే భయాన్ని పోగొట్టేలా ఆశా కార్యకర్తలకు ఎవరు శిక్షణ ఇస్తున్నారు? ఆయాసం, ఉబ్బసం ఉన్నవారు డాక్టరు చెప్పకుండా తాగకూడదని సీసా మీద పెద్ద తెలుగు అక్షరాల్లో అచ్చేయించడానికి ఏ ల్యాబు కావాలి, ఏ బడ్జెట్ కావాలి?

ఔషధ నియంత్రణ అధికారులు శాంపిళ్ళు తీస్తున్నారు, వాటిలో గ్లైకాల్ లేదని ప్రకటిస్తారు, సీసాలు మళ్ళీ షాపుల్లోకి వస్తాయి. చీటీ అడగకుండానే వాటిని ఆయాసం రోగి చేతిలో పెట్టే కౌంటర్ మీద మాత్రం తనిఖీ ఉండదు. విచారణ కమిటీలకు 48.6 కావాలి, ఎందుకంటే అందులో దొరికిపోయే కంపెనీ ఒకటుంది. 32లో అరెస్టు చేయడానికి ఎవరూ లేరు. బాధ్యత వహించాల్సింది ఆరోగ్య శాఖే. అందుకే రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఆ అంకె జోలికి పోవడం లేదన్నదే నా ఆరోపణ. కాదంటే, తమ జిల్లాల్లో ఎన్ని పీహెచ్‌సీల్లో స్పైరోమీటరు ఉందో, పోయిన ఏడాది ఎంతమంది దాంట్లో ఊదారో లెక్క బయటపెట్టాలి.