టీచరమ్మ బాక్సులో ఏముంది?



జూన్ నెల వచ్చిందంటే మా ఓపీలో ఒక రకం పేషెంట్లు ఎక్కువవుతారు. పిల్లలు కాదు. పిల్లల జలుబులు, జ్వరాలు వానలు ముదిరాక మొదలవుతాయి. నేను చెప్పేది టీచర్ల గురించి. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి చుట్టుపక్కల ప్రైవేటు స్కూళ్లలో పనిచేసే మన అక్కచెల్లెళ్ల గురించి. కళ్లు తిరుగుతున్నాయని ఒకరు, కడుపులో మంట అని ఒకరు, మూత్రంలో మంట అని ఒకరు. కొత్త విద్యా సంవత్సరంలో సెలవు దొరకదు కనుక సాయంత్రం అయిదు దాటాక వస్తారు. "పొద్దున ఏం తిన్నావమ్మా?" అని అడిగితే చాలామంది జవాబు ఒకటే. టీ, రెండు బిస్కెట్లు.

పోయిన ఏడాది జూన్‌లో అలా వచ్చిన ఒక టీచరమ్మ నాకు పాఠం చెప్పి వెళ్లింది. పేరు రాయను. వయసు 38. ఇల్లు చందానగర్ దాటాక. స్కూలు బస్సు ఆరూ నలభైకి. స్కూలు తెరిచిన నాలుగో రోజు ప్రార్థన సమయంలో పిల్లల ముందే కూలబడిపోయిందట. రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 8.9. ఆడవారికి కనీసం 12 ఉండాలి.

నేను అలవాటు చొప్పున కోప్పడ్డాను. చదువుకున్నదానివి, పిల్లలకు సమతుల ఆహారం పాఠం చెప్పేదానివి, నువ్వే ఇలా చేస్తే ఎలా అన్నాను. మా డైట్ కాగితం చేతిలో పెట్టాను. ఆమె దాన్ని మొత్తం చదివి మెల్లగా అంది: "సిస్టరమ్మా, ఇందులో పదమూడు ఐటెంలు ఉన్నాయి. మా ఇంట్లో పొయ్యికి బర్నర్లు రెండే ఉన్నాయి."

నాకు నోటమాట రాలేదు. ఆ కాగితం రాసింది నేనే మరి.

తర్వాత కూర్చోబెట్టి అడిగితే ఆ పదిహేను రోజులు ఎలా గడిచాయో చెప్పింది. ఇద్దరు పిల్లల పుస్తకాలకు అట్టలు వేయడం, లేబుళ్లు అంటించడం, పొట్టి అయిపోయిన యూనిఫాం మడత విప్పి కుట్టడం, బూట్ల కోసం రెండుసార్లు బజారుకు తిరగడం. ఇది ఇంట్లో పని. స్కూల్లో లెసన్ ప్లాన్లు, క్లాసు గోడలకు చార్టులు, నలభై మంది కొత్త పిల్లల పేర్లు. రాత్రి పన్నెండుకు పడుకుని నాలుగున్నరకు లేవడం. పిల్లలకు రెండు బాక్సులు, ఆయనకు ఒకటి, అత్తమ్మకు షుగర్ కనుక వేరే టిఫిన్. నాలుగూ పెట్టాక అయిదో బాక్సుకు టైం ఉండదు. అందరి అన్నం చేతుల మీదుగా పోతుంది, తన కడుపు మాత్రం ఖాళీ.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఈ ప్రాంతం ఎలా మారిందో పాతవాళ్లందరికీ తెలుసు. ఆఫీసుల వెంట అపార్టుమెంట్లు, అపార్టుమెంట్ల వెంట స్కూళ్లు వచ్చాయి. ఆ స్కూళ్లలో చదువు చెప్పేవారిలో చాలామంది ఆ అద్దెలు కట్టలేరు. కనుక పటాన్‌చెరు వైపు నుంచో, బాచుపల్లి వైపు నుంచో రావాలి. ఆ ట్రాఫిక్‌లో పోయే గంటా గంటన్నరా ఎవరి నిద్రలోంచి, ఎవరి టిఫిన్‌లోంచి పోతోందో మనం ఎప్పుడూ అడగలేదు.

ఇంకో విచిత్రం. మన రాష్ట్రంలో సర్కారు బడి పిల్లలకు 2003 నుంచి మధ్యాహ్నం వేడి అన్నం పెడుతున్నారు. ప్రాథమిక తరగతుల పిల్లవాడికి ఆ పూట 450 క్యాలరీలు, 12 గ్రాముల ప్రొటీన్ అందాలని లెక్క కూడా ఉంది. లోపాలు ఉండవచ్చు, కాని లెక్క అంటూ ఒకటి ఉంది. ప్రైవేటు స్కూల్లో అయిదు పీరియడ్లు నిలబడి చెప్పే టీచరమ్మ ఏం తిన్నదో చూసే లెక్క ఎక్కడా లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15–49 ఏళ్ల ఆడవారిలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. స్టాఫ్ రూంలో పదిమంది కూర్చుంటే అందులో అయిదారుగురన్నమాట.

ఆమె వెళ్లాక నేను ఆ పదమూడు ఐటెంల కాగితం తీసేశాను. బాదం, కివి పండు, ఓట్స్ అన్నీ కొట్టేశాను. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ఇచ్చిన సూచనలు చదివినా అందులో మన వంటింటికి కొత్తది ఏమీ లేదు. పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు. మిగతా సగంలో ధాన్యం, పప్పు, గుడ్డు లేక మాంసం, పాలు పెరుగు. పప్పుకూర, అన్నం, ఒక గుడ్డు, పెరుగు, ఒక జామకాయ. ఇది చాలు. వారంలో మూడు రోజులు అదే పప్పు వండినా ఏ నష్టమూ లేదు. రోజుకో వెరైటీ కావాలన్నది టీవీ వంటల కార్యక్రమాలు పెట్టిన ఆశ.

ఆ టీచరమ్మా నేనూ కలిసి ఆలోచించినవి కొన్ని చెబుతాను. ఆదివారం ఆరాధన అయ్యాక రైతుబజారులో తోటకూర, పాలకూర, మునగాకు తెచ్చి, ఏరి, కడగకుండా గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. కడిగి పెడితే కుళ్లుతుంది. వండేముందే కడగాలి. పెసలు రాత్రి నానబెడితే పొద్దున పెసరట్టు, పిండి పులియాల్సిన పని లేదు. కందిపొడి, కరివేపాకు పొడి ఒక సీసాడు కొట్టి పెడితే పదిహేను రోజులకు కూర లేని రోజు గడుస్తుంది. బాక్సులోకి కొబ్బరి పచ్చడి వద్దు, ఎండకు మధ్యాహ్నానికే పాడవుతుంది. పెరుగన్నానికి అన్నం చల్లారాక పాలు పోసి ఒక చెంచా పెరుగు కలపండి, తినేవేళకు కమ్మగా తోడుకుంటుంది. వేడి అన్నం పెట్టి వెంటనే మూత బిగించవద్దు, చెమ్మ పట్టి వాసన వస్తుంది.

రాత్రి అన్నంలో మజ్జిగ పోసి, ఉల్లిపాయ నంజుకుని తినే చద్దన్నాన్ని చిన్నచూపు చూడకండి. అయిదు నిమిషాల టిఫిన్ అది. ఈ వేడికి గట్టు మీద వదిలేయకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. రాగిజావ కూడా మంచిదే, కాని షుగర్ ఉన్నవారికి జావకన్నా రొట్టె మేలు. జావ త్వరగా అరిగి షుగర్ పెంచుతుంది. సాయంత్రం కొండాపూర్, కూకట్‌పల్లి రోడ్ల పక్కన పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు కాల్చి అమ్మే అమ్మల దగ్గర నాలుగు రొట్టెలు కొనుక్కుంటే అందులో సిగ్గుపడాల్సింది ఏముంది? ఇంట్లో పప్పు ఉంటే రాత్రి భోజనం అయినట్టే. అన్నీ చేత్తోనే చేయాలన్న పంతం వద్దు.

డబ్బాల్లో వచ్చే పాలపొడులు మాత్రం "హెల్త్" అనే మాట చూసి కొనకండి. 2024 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వమే అటువంటి పానీయాలను హెల్త్ డ్రింక్స్ జాబితాలో పెట్టి అమ్మవద్దని ఆన్‌లైన్ అమ్మకందారులకు చెప్పింది. వెనక ఉన్న చిన్న అక్షరాల్లో చక్కెర ఎంతో చదవండి.

రక్తం తక్కువ ఉన్నవారు టీ, కాఫీలు భోజనానికి గంట ముందో, గంట తర్వాతో తాగాలి. ఐరన్ మాత్రతో పాటు టీ తాగితే మాత్ర వేసుకున్న ఫలితం పోతుంది. ఆకుకూర పప్పు మీద నిమ్మకాయ పిండుకోండి, అందులోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది.

అయితే ఇవన్నీ మళ్లీ ఆ ఒక్క మనిషి చేతి మీదే పడితే నా కొత్త కాగితం కూడా పాతదాని వంటిదే. ఇంట్లో మగవారికి ఒక మాట. పుస్తకాలకు అట్టలు వేయడానికి డిప్లొమా అక్కర్లేదు. గుడ్లు ఉడకబెట్టడానికీ అక్కర్లేదు. పదేళ్ల పిల్లలు తమ బాక్సు తామే కడుక్కోగలరు.

మన సంఘంలో స్కూళ్లు నడిపే కరస్పాండెంట్లు కూడా ఉన్నారు. వారికీ ఒక మనవి. రెండో పీరియడ్ తర్వాత టీచర్లకు పది నిమిషాలు ఇవ్వండి. తినడానికి, నీళ్లు తాగడానికి, బాత్రూంకు వెళ్లడానికి. బాత్రూంకు వెళ్లే వీలు లేక నీళ్లు తాగడం మానేసినవారే మా దగ్గరకు మూత్రంలో మంటతో వస్తున్నారు. ఈ మాట పైకి చెప్పుకోవడానికి వారికి సిగ్గు, అందుకే నేను రాస్తున్నాను.

ఏలీయా ప్రవక్త అలసి, చావు కోరుకుని బదరీవృక్షం కింద పడుకున్నప్పుడు దేవదూత వచ్చి మొదట ప్రసంగం చేయలేదు. తట్టి లేపి అప్పం, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ పడుకోనిచ్చి, రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. ప్రయాణం సంగతి ఆ తర్వాతే ఎత్తాడు. ఆ రోజు ఓపీలో నేను మాత్రం ముందు ప్రసంగమే చేశాను.

ఆ టీచరమ్మ సెప్టెంబరులో మళ్లీ వచ్చింది. హిమోగ్లోబిన్ 10.8. ఇంకా మాత్రలు వాడాలి. అట్టలు ఇప్పుడు వాళ్లాయన వేస్తున్నారట, వంకరగా వేస్తున్నారని నవ్వింది.

జూన్ 12న స్కూళ్లు తెరిచాక వచ్చే మొదటి ఆదివారం, ఆరాధన తర్వాత మా ల్యాబ్ సిస్టర్లు చర్చి వరండాలో కూర్చుంటారు. టీచర్లు ఎవరైనా, ఏ సంఘంవారైనా, ఏ మతంవారైనా వచ్చి హిమోగ్లోబిన్ చూపించుకోవచ్చు. ఈ పరీక్షకు ఖాళీ కడుపు అవసరం లేదు. టిఫిన్ తినే రండి.